ఒకే పెట్టెలో అందరి తాళాలు

మస్వింగో,
మార్చి 9

చిరంజీవి కుందాయికి మీ అత్త ఒటీలియా దీవెనలు.

ఫోను చెయ్యొద్దు, మెసేజీ పెట్టొద్దు, కాగితం మీదే రాయమను, ఎందుకని అడగొద్దను అని గెట్రూడ్ వాళ్ళమ్మ చేత కబురు పంపావు. అడగడం లేదు. రాస్తున్నాను. ఈ ఉత్తరం బస్సు కండక్టరు జెకరాయా చేతికిస్తాను. హరారే బస్టాండులో గెట్రూడ్ వాళ్ళమ్మ టమాటా బల్ల దగ్గర అతను దింపుతాడు. ఆవిడ నీ క్లినిక్కుకు తెచ్చిస్తుంది. పాతికేళ్ళ కిందట మీ మామయ్య నాకు ఉత్తరాలు ఇలాగే పంపేవాడు. ఆయన పోయాక మళ్ళీ ఇదే.

పోయిన శనివారం అల్లుడు తఫార వచ్చాడు. నీకు డ్యూటీ ఉందని, ఒక్కడే వచ్చానని అన్నాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గుమ్మం పక్కన నేల మీదే కూర్చుని, తల వంచి, రెండు చేతులూ చప్పట్లు చరిచి దండం పెట్టాడు. ఈ కాలంలో అత్తింటి వాళ్ళ ముందు అలా కూర్చునే మగపిల్లలు ఎంతమంది ఉన్నారు చెప్పు. నాకు కొత్త ఫోను తెచ్చాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మీ అమ్మా నాన్నా కూడా గూటూ నుంచి వచ్చారు. అందరి ఫోన్లూ ముందేసుకుని కూర్చున్నాడు. పాస్‌వర్డులన్నీ దాచే పెట్టె ఒకటి ఉందట. ఫోనులోనే ఉంటుంది. అందులో పెట్టినవి ఇంట్లో అందరి ఫోన్లలోకీ వాటంతట అవే వెళ్ళిపోతాయట. ఒకరి ఫోను పోయినా ఇంకొకరి దాంట్లో ఉంటాయి. పెట్టె తెరవడానికి మాత్రం ఒక పెద్ద మాట ఉంటుంది, అదొక్కటే గుర్తుంచుకోవాలి.

మీ నాన్న పింఛనుకీ, పశువుల డాక్టరుకీ, అన్నిటికీ తన ఎద్దు పేరే పాస్‌వర్డుగా పెట్టుకున్నాడని అప్పుడు బయటపడింది.

"అన్నిటికీ ఒక్కటేనా మామగారూ?" అన్నాడు అల్లుడు.

"అన్ని బళ్ళూ లాగేది అదొక్కటేగా," అన్నాడు అన్నయ్య.

"ఆ ఎద్దు చచ్చిపోయి మూడేళ్ళయింది," అంది వదిన. "పాపం, ఇంకా పని చేయిస్తున్నాడు."

అందరం నవ్వాం. అల్లుడు నాతో, "మీ జింక వంశం ఆడవాళ్ళకు పాస్‌వర్డు అక్కర్లేదు అత్తయ్యగారూ, మీ నోరు తెరిపించడం కష్టం కాదు, మూయించడం కష్టం," అన్నాడు. తరవాత నా పెద్ద మాట ఏం పెడదామని అడిగాడు. నాకిష్టమైన కీర్తన మొదటి మాటలు చెప్పాను. నా కళ్ళజోడు కుట్టుమిషను దగ్గరుండిపోయింది, అతనే టైపు చేశాడు. ఒక్కటే నేర్పాడు. "అది 'దాచమంటారా' అని అడిగినప్పుడల్లా సరే అని నొక్కండి. వద్దని మాత్రం ఎప్పుడూ నొక్కకండి." నేర్చుకున్నాను.

రువా బడికి వెళ్తోందా? ఎండు బీన్సు, వేరుశనగపప్పు పంపుతున్నాను.

మీ అత్త


హరారే,
మార్చి 20

అత్తకు నమస్కారం.

బీన్సు అందాయి. రువా మొదటి తరగతిలో బాగానే ఉంది. ఆ సంచీ ఎక్కడిదని తఫార అడిగితే బస్టాండులో కొన్నానని చెప్పాను. నీతో మాట్లాడానని అతనికి తెలియకూడదు.

ఆ శనివారం నాకు డ్యూటీ లేదు అత్తా. అతను మస్వింగో వెళ్ళాడని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. ఏదో ఆఫీసు మీటింగని చెప్పి వెళ్ళాడు.

నువ్వు మేనత్తవి కాబట్టి నీకు చెప్పాలి. అమ్మకు చెప్పలేనివి నీకు చెప్పమనే కదా పెళ్ళి రోజు నా చెయ్యి నీ చేతిలో పెట్టారు. ఆ పెట్టె రెండేళ్ళ కిందటే మా ఇంట్లోకి వచ్చింది. నా ఫోను, క్లినిక్కులో నా కంప్యూటరు, రువా ఆడుకునే టాబ్లెట్, అన్నీ దాంట్లోకే తెరుచుకుంటాయి. దాని యజమాని తఫార. మధ్యాహ్నం క్లినిక్కులో కొత్త పాస్‌వర్డు పెడితే, రాత్రి ముద్ద తింటూ అడుగుతాడు: "రెండూ పదికి ఏదో మార్చావు, ఏమైంది?" గట్టిగా అనడు. ఎప్పుడూ గట్టిగా అనడు. పక్కింటి వాళ్ళకు మా ఇంట్లో నా గొంతే వినిపిస్తుంది.

డిసెంబరులో నా ఎడమ చేతి చూపుడువేలు విరిగింది గుర్తుందా. కారు తలుపు పడిందని అమ్మకు చెప్పాను. తలుపు నిజమే. అది దానంతట అది పడలేదు.

ఇప్పుడు మీ అందరి ఫోన్లలోనూ పెట్టాడు. ఎందుకా అని ఆలోచిస్తున్నాను. నిద్ర పట్టడం లేదు. నాకు సంబంధించింది ఏదీ నీ ఫోనులో పెట్టకు. అతనితో ఈ మాట ఎత్తకు. ఈ కాగితం పొయ్యిలో వెయ్యి.

కుందాయి


మస్వింగో,
ఏప్రిల్ 4

చిట్టితల్లీ,

నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. వేసేముందు మూడుసార్లు చదివాను.

నాకేం రాయాలో తెలియక రెండు వారాలు ఊరుకున్నాను. గురువారం మా చర్చి ఆడవాళ్ళ సంఘంలో పేరు చెప్పకుండా నీ కోసం ప్రార్థన చేయించాను. ఒక ఆడపిల్ల అన్నాను, అంతే. సంఘంలో పెద్దావిడ మార్టా అమ్మ నా వైపు చూసి మళ్ళీ కళ్ళు మూసుకుంది.

మేనత్తగా నా పని ఏమిటో నాకు తెలుసు. మా అత్త నాకు నేర్పింది. ఆడపిల్ల బాధ విని, ఇంటికి రమ్మనకుండా, అల్లుడితో మెల్లగా, అవమానం కాకుండా, చుట్టూ తిప్పి మాట్లాడాలి. నిప్పు మీద ఊదకూడదు. నేను నీ మాటేమీ ఎత్తలేదు తల్లీ. అతనే ఆదివారం ఫోను చేసి, ఫోను బాగా పని చేస్తోందా అత్తయ్యగారూ అని అడిగాడు. ఎంత మర్యాదో. మాటల మధ్యలో నీ వేలు ఎలా ఉందని మాత్రం అడిగాను. అందులో తప్పేముంది, అత్తలు అడుగుతారు కదా.

"బాగానే ఉంది, మీరు అడిగారని చెబుతాను," అన్నాడు.

ఓపిక పట్టు. వాన వెలిసింది, మొక్కజొన్న కండెలు బాగా పట్టాయి.

మీ అత్త


హరారే,
ఏప్రిల్ 29

అత్తా,

చెప్పాడు. నువ్వు అడిగావని చెప్పాడు.

ఆ ఆదివారం రువా పడుకున్నాక నా ఫోను, టాబ్లెట్, క్లినిక్కు నుంచి తెప్పించిన నా కంప్యూటరు మంచం మీద వరసగా పెట్టాడు. ఒక్కొక్కటీ తెరిచి చూశాడు. "మానిపోయిన వేలి గురించి మీ అత్త ఇప్పుడెందుకు అడిగింది? ఎవరేం చెప్పారు? దీంట్లో లేదు. దీంట్లో లేదు. దీంట్లోనూ లేదు. అంటే ఎక్కడో కాగితం ఉందన్నమాట." నవ్వాడు. తరవాత నా కుడి చెయ్యి తీసుకుని వేళ్ళు లెక్కపెట్టాడు, రువాకు లెక్కలు నేర్పేటప్పుడు పెట్టినట్టు. ఒకటి, రెండు, మూడు. ఐదు దగ్గర ఆగాడు. "ఇవి అన్నీ ఉన్నాయి," అన్నాడు. "నర్సుకు వేళ్ళు ముఖ్యం."

ఆ రోజు ఇంకేమీ చెయ్యలేదు. చెయ్యకపోవడమే నాకు భయంగా ఉంది.

నేను ఉండలేను అత్తా. నన్ను ఓపిక పట్టమనకు. నాన్న దగ్గరకు వెళ్ళను, నాన్న నన్ను బండి ఎక్కించి తిరిగి ఇక్కడే దింపుతాడు. నువ్వే చోటు చూడాలి. రువాను తీసుకుని వస్తాను. అక్కడ పని చేసుకోవడానికి నర్సు లైసెన్సు ఈ ఏడు కొత్తది చేయించుకోవాలి, దానికి ఈ-మెయిలు కావాలి. నా పాతది పెట్టెలో ఉంది. మిషన్ బడి ఆఫీసులో కంప్యూటరు ఉందిగా, దాంట్లో నా పేరున కొత్తది తెరిచి, దాని మాట కాగితం మీద రాసి పంపు. నీ ఫోను ముట్టుకోకు.

గెట్రూడ్ వాళ్ళమ్మ బల్ల దగ్గర కొత్తగా ఒక మనిషి రోజూ నిలబడుతున్నాడట. ఏమీ కొనడట. ఈసారి ఉత్తరం మా వార్డు ఊడ్చే ఎస్నాతకు పంపు.

కుందాయి


మస్వింగో,
మే 10

తల్లీ,

నన్ను క్షమించు. వేలి మాట అడిగింది నేను. మా అత్త నేర్పినట్టే చేశాను. మా అత్త కాలంలో మగవాడు అత్తమాట విని సిగ్గుపడేవాడు. ఇతను సిగ్గుపడలేదు, లెక్కపెట్టాడు.

చోటు చూశాను. ఎక్కడో రాయను. మార్టా అమ్మ మేనకోడలు అక్కడ క్లినిక్కులో పెద్ద నర్సు. కొండల మీద, చలి ఎక్కువ. ఉన్ని బట్టలు తెచ్చుకో. నువ్వడిగిన ఈ-మెయిలు మిషన్ ఆఫీసులో తెరిపించాను, టైపిస్టు సాయం చేసింది. దాని పాస్‌వర్డు విడిగా చీటీ మీద రాసి ఎస్నాతకు పంపే సంచీ అడుగున కుట్టాను.

మే ఆఖరి గురువారం సంఘం మహాసభకు హరారే నుంచి మూడు బస్సులు బయలుదేరతాయి. అందరూ సంఘం బట్టల్లో ఉంటారు, ఎర్ర జాకెట్టు, తెల్ల కాలరు, తెల్ల టోపీ. ఎనభై మంది ఒకేలా ఉన్నప్పుడు ఒకరు ఎక్కువైతే ఎవరు లెక్కపెడతారు. నీ కొలతలు నా దగ్గర ఉన్నాయి. జాకెట్టు కుట్టాను. దీక్ష తీసుకోకుండా అది వేసుకోవడం తప్పని ఇరవై రెండేళ్ళుగా అందరికీ చెప్పేదాన్ని నేనే. వేసుకునేది నువ్వు, కుట్టింది నేను. ఆ తప్పు నా లెక్కలో వేసుకోమని దేవుడికి చెప్పాను.

రువాను పాటలు పాడే పిల్లల బస్సులో ఎక్కిస్తారు. నీ వైపు చూడొద్దని ముందే చెప్పు.

మీ నాన్నకు చెప్పలేదు. అన్నయ్య మొహం చూస్తూ మాట్లాడడం కష్టంగా ఉంది.

మీ అత్త


(ఊరు రాయడం లేదు)
జూన్ 21

అత్తకు,

ఇక్కడికి వచ్చి మూడు వారాలైంది. పొద్దున లేచేసరికి గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. రువా దాన్ని గిన్నెలో పోగుచేసి, "అమ్మా, దీన్ని అమ్మమ్మకు పంపుదామా?" అంటోంది. ఇక్కడి పిల్లలు రువాను చూసి నవ్వుతున్నారు. నీ జాకెట్టు మడతపెట్టి పెద్ద నర్సు ట్రంకుపెట్టెలో దాచాను. బస్సులో నా పక్కన కూర్చున్నావిడ, "ఏ సంఘమమ్మా మీది?" అని అడిగింది. వెనక సీటులో ఒక ముసలావిడ, "దాన్ని వదిలెయ్యి, దానికి పళ్ళనొప్పి," అంది. ఆవిడకు ఎవరు చెప్పారో తెలియదు. దారంతా నా దవడకు తడిగుడ్డ కట్టింది.

నా ఫోను ఇంట్లో పెట్టలేదు. బులవాయో బస్సు సీటు కింద పెట్టాను. అది అటు వెళ్ళింది, మేము ఇటు.

ఇక్కడ బంగాళాదుంపలు తప్ప ఇంకేమీ పండవు. ఉదయం దుంపలు, రాత్రి దుంపలు. రాత్రి తలుపు గడియ పెట్టి, గడియ పెట్టానా అని మళ్ళీ చూడడం మానేసి నాలుగు రోజులైంది. అది నీకు చెప్పాలని ఉత్తరం మొదలుపెట్టాను.

లైసెన్సు కాగితం ఆ కొత్త ఈ-మెయిలుకు వస్తుంది. జులై ఇరవై లోపల అచ్చుకాగితం జిల్లా ఆఫీసులో ఇవ్వకపోతే నన్ను పనిలో ఉంచుకోలేమంటున్నారు. మిషన్ ఆఫీసుకు వెళ్ళి తెరిచి, అచ్చు తీసి పంపు. నీ దగ్గర ఆ చీటీ నకలు ఉందిగా. ఇక్కడ నా చేతిలో ఫోను లేదు, వద్దు కూడా.

కుందాయి


మస్వింగో,
జులై 18

చిట్టితల్లీ,

నీ కాగితం దీంతోపాటు ఉంది. సమయానికి అందాలని పెద్ద నర్సు అన్నగారి బంగాళాదుంపల లారీలో పంపుతున్నాను.

ముందు ఇక్కడి సంగతి. నువ్వు వెళ్ళిన మర్నాడే అల్లుడు బులవాయో వెళ్ళాడట. రెండు రోజులు అక్కడ వెతికాడు. తరవాత మీ నాన్న పెద్దలను కూర్చోబెట్టాడు. అల్లుడు మళ్ళీ నేల మీదే కూర్చున్నాడు, మళ్ళీ చప్పట్లు చరిచాడు. పెద్దాయన ఒకరు, "అమ్మాయి నీకు వద్దనుకుంటే పద్ధతి ప్రకారం వదిలేసిన గుర్తు ఇచ్చెయ్యి నాయనా, ఒక చిన్న నాణెం చాలు, మేనత్త చేతిలో పెట్టు, ఇద్దరూ ఎవరి దారిన వాళ్ళు వెళ్తారు," అన్నాడు.

"నేను వదల్లేదు పెద్దాయనా," అన్నాడు. "పోగొట్టుకున్నాను. పోగొట్టుకున్నదానికి గుర్తు ఇవ్వరు. వెతుక్కుంటారు."

మీ నాన్నకు ఆ మాట చాలా నచ్చింది. "చూశావా, ఎంత ప్రేమో," అన్నాడు నాతో. నేను టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

ఇక నీ కాగితం. మిషన్ దగ్గర ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి ఆఫీసులో కరెంటు లేక పదహారు రోజులైంది. రోజూ వెళ్ళాను. టైపిస్టు, "అమ్మా, నన్ను చూడ్డానికి వస్తున్నారా, కంప్యూటరును చూడ్డానికి వస్తున్నారా, ఇద్దరం చచ్చే ఉన్నాం," అంటుంది. పదిహేడో తారీకు వచ్చేసింది. నీ పని పోతుందని భయమేసింది. నా ఫోనులోనే తెరిచాను తల్లీ. ఒక్కసారే. నువ్వు వద్దన్నావు, తెలుసు. ఎవరికీ మెసేజీ పెట్టలేదు, ఎవరితో మాట్లాడలేదు, తలుపు వేసుకుని తెరిచాను. ఊళ్ళో జెనరేటరు ఉన్న కొట్టుకు తీసుకెళ్ళి అచ్చు తీయించాను. కాగితం మీద నీ పేరు, కింద క్లినిక్కు పేరు, ఊరి పేరు, ముద్ర, అన్నీ చక్కగా ఉన్నాయి.

చివర్లో ఫోను అడిగింది, దాచమంటారా అని. సరే అన్నాను. మళ్ళీ అవసరమైతే వెతుక్కోనక్కర్లేదు కదా. ఆ పెట్టెలో నా సొంత అర ఒకటి ఉంది, అందులోనే పడింది, 'మీకు మాత్రమే' అని రాసి ఉంది.

రువాకు ఉన్ని టోపీ అల్లాను. ఎరుపు.

మీ అత్త


(ఊరు లేదు)
జులై 26

అత్తా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపాను. మొదటిదాంట్లో అనకూడని మాటలున్నాయి. రెండోదాంట్లో ఏమీ పరవాలేదని అబద్ధం ఉంది. ఇది మూడోది.

నీ అర నీది కాదు. నీ పెద్ద మాట టైపు చేసింది ఎవరు? నీ కీర్తన అతనికి తెలుసు. అది తెలిసినవాడు ఎక్కడ కూర్చునైనా నీ పేరుతో ఆ పెట్టె తెరవగలడు. నువ్వు నీ ఫోనులో సరే అన్న క్షణంలోనే ఆ మాట అక్కడికీ చేరుతుంది. ఆ మాటతో ఈ-మెయిలు తెరుచుకుంటుంది. ఈ-మెయిలులో కాగితం ఉంది. కాగితం మీద ఈ ఊరి పేరు ఉంది.

నమ్మకపోతే నీ ఫోనులో పెట్టె తెరిచి, కింద 'పరికరాలు' అని ఉంటుంది, నొక్కు. నీ పేరు కింద ఎన్ని ఉన్నాయో చూడు.

అందరి ఫోన్లలోనూ ఎందుకు పెట్టాడో ఇప్పుడు అర్థమైంది. నాన్న ఎద్దు పేరుతో అతనికేం పని? కాపురం చెడిన ఆడపిల్ల ఎవరి దగ్గరకు పరిగెత్తుతుందో మన వాళ్ళందరికీ తెలుసు. అతనికీ తెలుసు. నేను ఇంకా పరిగెత్తక ముందే వచ్చి, నీ ముందు నేల మీద కూర్చుని, నీ చేతిలో ఫోను పెట్టి వెళ్ళాడు.

నువ్వు దాచిన ఆ మాటను ఇప్పుడు తుడిచెయ్యకు. తుడిస్తే మనకు తెలిసిందని అతనికి తెలుస్తుంది. పెద్ద నర్సుకు చెప్పాను. ఆవిడకు ఇంకోచోట మనుషులున్నారు, కానీ బంగాళాదుంపల లారీ ఆగస్టు 3 శుక్రవారం దాకా లేదు. కొండ దిగడానికి వేరే బండి లేదు, ఈ ఉత్తరం సైకిలు మీద దిగే ఒకతని చేతికిస్తున్నాను. కాపలాకు ఒక ముసలాయన ఉన్నాడు. ఆయనకు చెవులు వినిపించవు.

శుక్రవారం దాకా అత్తా. అప్పటిదాకా అతను రాకపోతే చాలు. గడియ మళ్ళీ రెండుసార్లు చూస్తున్నాను.

కుందాయి


మస్వింగో,
జులై 31, మంగళవారం

నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం శనివారం ఉదయం అందింది. చూశాను. నా పేరు కింద రెండున్నాయి. ఒకటి నా ఫోను. రెండోది కంప్యూటరు. నా దగ్గర కంప్యూటరు లేదు. నాలుగు నిమిషాల కిందట తెరిచారని దాని పక్కన రాసి ఉంది. నా ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉన్నాను, కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నాను, అయినా లేచి గది మూలలన్నీ చూశాను.

అదే రోజు మధ్యాహ్నం ఫోను చేశాడు.

"అత్తయ్యగారూ, కాళ్ళనొప్పులు ఎలా ఉన్నాయి?"

"దేవుడి దయ నాయనా."

"ఈ నెల కొండల మీద చలి బాగా ఎక్కువట. రువాకు చలి పడదు. చిన్నప్పుడు ఎంత దగ్గేదో మీకు గుర్తుందా?"

"గుర్తుంది."

"ఉంటుంది. మీకు అన్నీ గుర్తుంటాయి. అందుకే మీరంటే నాకు గౌరవం. వచ్చే వారం కాస్త సెలవు పెట్టాను. అలా తిరిగొస్తాను."

ఫోను పెట్టేశాక వంటింట్లో నేల మీద కూర్చుని ప్రార్థించాను. ఆదివారం చర్చికి వెళ్ళాను, ఎర్ర జాకెట్టు వేసుకోలేదు. మార్టా అమ్మ కారణం అడిగితే ఉతికానని చెప్పాను. అది ఉతకలేదు. నేను చెయ్యబోయే పని ఆ జాకెట్టులో చెయ్యకూడదని తీసేశాను.

ఇంటికి వచ్చి పెట్టె తెరిచాను. నా అరలో కొత్తది రాశాను. నా అంతట నేనే, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం. కుందాయిని అక్కడి నుంచి మార్చేశాం, పడమర పెద్ద నది ఒడ్డున మిషన్ ఆసుపత్రిలో చేర్చాం, పిల్లకు వేడి ఊరు మంచిదన్నారు, ఎవరికీ చెప్పకూడదు అని రాశాను. ఆ ఆసుపత్రి పేరు రాశాను. అక్కడి పెద్ద డాక్టరు పేరని ఒక పేరు కల్పించాను. యాభై ఏళ్ళలో నేను ఇంత పెద్ద అబద్ధం ఆడలేదు, అందులో ఇంత వివరంగా. ఫోను అడిగింది, దాచమంటారా అని.

సరే అన్నాను.

సోమవారం ఉదయం మీ నాన్న ఫోను చేశాడు. "అల్లుడు పని మీద పడమటి నది వైపు వెళ్తున్నాడట, ఆ రోడ్డు బాగుండదని నా బండి అదనపు టైరు అడిగి తీసుకెళ్ళాడు. వచ్చేటప్పుడు ఎండుచేపలు తెస్తానన్నాడు. నీకెన్ని కేజీలు చెప్పమంటావు?"

నాకు వద్దన్నాను.

వెళ్ళడానికి రెండు రోజులు పడుతుంది. ఒక రోజు అక్కడ వెతుకుతాడు. ఆ ఆసుపత్రిలో నిన్నెవరూ చూడలేదని తెలుసుకోవడానికి అంతకంటే ఎక్కువ పట్టదు, అతను తెలివైనవాడు. తిరిగి రావడానికి రెండు రోజులు. శుక్రవారం నువ్వు లారీ ఎక్కుతావు. శనివారానికి అతను మా వాకిట్లో ఉంటాడు. కొండల మీదకు రాడు. తనతో అబద్ధమాడిన మనిషి దగ్గరకు వస్తాడు.

సంఘం ఆడవాళ్ళకు అంతా చెప్పాను. శనివారం మా ఇంట్లోనే ప్రార్థన పెట్టుకుంటామన్నారు. నలభై మంది వస్తారు. వాళ్ళు సాయంత్రానికి ఇళ్ళకు వెళ్ళాలి, పిల్లలున్నారు. అతను ఎదురు వీధిలో కూర్చుని ఉండగలడు. అతనికి ఓపిక ఉంది.

నేను పారిపోను. నేను కనిపించకపోతే మీ అమ్మ దగ్గరకు వెళ్తాడు. ఆవిడకు ఏమీ తెలియదని అతను నమ్మడు.

ఈ ఉత్తరం తెచ్చిన మనిషి చేతికి జవాబు ఇవ్వకు. క్షేమమని కూడా రాయకు. లారీ ఎక్కడికి వెళ్తుందో పెద్ద నర్సును కూడా నాకు చెప్పొద్దను. పెట్టెకు అబద్ధం చెప్పడం వేరు తల్లీ, పెట్టె తిరిగి చూడదు. అతను నా ముందు నేల మీద కూర్చుని, చప్పట్లు చరిచి, నా కళ్ళలోకి చూసి, కుందాయి ఎక్కడుంది అత్తయ్యగారూ అని మెల్లగా అడుగుతాడు. అప్పుడు రెండో అబద్ధం నా నోటికి రాదు. నన్ను నేను ఎరుగుదును. నాకు తెలియదు నాయనా అంటాను.

శనివారానికి అది నిజమయ్యేలా చూడు.

మీ అత్త
ఒటీలియా